ముందు బల్ల కొలవండి

(విశాఖపట్నం సిరిపురంలో ఇంజినీరింగ్ విద్యార్థులు, బడి ఉపాధ్యాయులు కూడిన సభలో, పిల్లల చదువు కోసం రోబోలు తయారుచేసే ఒక డిజైన్ ఇంజినీరు చేసిన ప్రసంగం. మాట తీరు చెడకుండా స్వల్పంగా సరిదిద్దిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుస వరకూ వినిపిస్తోందా? సరే.

ముందే చెప్పేస్తాను, తరువాత నిరాశ పడకుండా. నేను తెచ్చిన ఈ రోబో డాన్స్ చేయదు. మాట్లాడదు. మీ మొహం గుర్తుపట్టదు. కళ్ళు తిప్పదు, అసలు దీనికి కళ్ళే లేవు. అరచేతిలో పడుతుంది. రెండు చక్రాలు, నడిమధ్యన పెన్ను పెట్టడానికి ఒక చిల్లు. కాగితం మీద పెడితే గీత గీస్తుంది, అంతే. ఇది జపాన్ ప్రాథమిక పాఠశాలల కోసం చేసింది. ఇక్కడ మన బడులకు ఇచ్చే మోడల్ దీనికి అన్నలాంటిది. సైజు దాదాపు రెండింతలు, పాటలు పాడుతుంది, లైట్లు వెలుగుతాయి, గచ్చు మీద పరిగెడుతుంది. అన్నకున్న హంగులన్నీ తమ్ముడికి ఎందుకు తీసేశామన్నదే ఇవాళ్టి కబురు.

విదేశీ మార్కెట్ అనగానే చాలామంది మొదట అడిగేది భాష గురించే. యాప్‌లో తెలుగు, ఇంగ్లీషు తీసి జపనీస్ పెట్టారు, ఛార్జర్ ప్లగ్గు మార్చారు, పోర్టులో కంటైనర్ ఎక్కించారు, ఇంకేం కావాలి అంటారు. నేనైతే పిల్లల గురించి పెద్దగా బెంగపడను. పదేళ్ళ పిల్లాడు పెందుర్తిలోనైనా ఒసాకాలోనైనా రోబో చేతికి రాగానే అన్ని బటన్లూ ఒకేసారి నొక్కుతాడు, చక్రాన్ని చేత్తో తిప్పుతాడు, స్క్రూ ఎక్కడుందో వెతుకుతాడు. దేశం మారితే మారేది వాడి చుట్టూ ఉన్నవి. వాడి బల్ల, వాడి టీచరు, పీరియడ్ గంట, బడి టాబ్లెట్‌కి తాళం వేసే అధికారి, ఆ దేశపు చట్టం. రోబోని వాడేది పిల్లాడే అయినా, దాన్ని కొనేది ఒకరు, క్లాసులో నడిపేది ఇంకొకరు. ఆ ఇద్దరినీ చూడకుండా గీసిన డిజైన్ ఎగ్జిబిషన్‌లో చప్పట్లు కొట్టించుకుని, బడిలో బీరువా ఎక్కుతుంది. మన దగ్గర అలా బీరువాల్లో తాళం పడిన కిట్లు ఎన్ని ఉన్నాయో ఇక్కడున్న మాస్టార్లకు నేను చెప్పక్కర్లేదు.

కొంచెం వెనక్కి వెళ్తాను. గీతలు గీసే రోబో మా కొత్త ఆలోచనేమీ కాదు. 1940ల చివర్లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రవేత్త వెలుతురును వెతుక్కుంటూ వెళ్ళే చిన్న యంత్రాలు రెండు చేసి, వాటిని తాబేళ్ళు అన్నాడు. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫోర్జైగ్ కలిసి పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారు చేశారు. ఆ తరువాత దానికి నేల మీద పాకే తాబేలు రోబోను జోడించారు. ముందుకు ఇంత, కుడికి ఇన్ని డిగ్రీలు అని పిల్లలు చెబితే అది కింద పరిచిన కాగితం మీద బొమ్మ గీసేది. మా తరంలో కొందరు లోగోను కంప్యూటర్ ల్యాబ్‌లో స్క్రీన్ మీద చూశారు, ఆ తాబేలు మొదట నిజంగా నేల మీద తిరిగిందని తెలియకుండానే. నన్నడిగితే ఈ రంగంలో దాన్ని మించిన ఆలోచన ఇప్పటికీ రాలేదు.

జపాన్‌లో 2020 ఏప్రిల్ నుంచి ప్రాథమిక పాఠశాలలో ప్రోగ్రామింగ్ తప్పనిసరి. అయితే దానికి వేరే సబ్జెక్టు లేదు, వేరే పీరియడ్ లేదు, మార్కులు లేవు. ఉన్న సబ్జెక్టుల్లోనే కలిపి చెప్పాలి. వాళ్ళ పాఠ్యప్రణాళికలో ఉదాహరణగా చూపించినవి ముఖ్యంగా రెండు. ఐదో తరగతి లెక్కల్లో క్రమ బహుభుజులు గీయడం, ఆరో తరగతి సైన్సులో విద్యుత్తు వాడకం. పైగా అక్కడ ప్రాథమిక బడిలో దాదాపు అన్ని సబ్జెక్టులూ ఒకే క్లాస్ టీచరు చెబుతారు. ఆవిడకు రోబోటిక్స్ రాదు, రావాల్సిన పని కూడా లేదు. ఆవిడకు కావలసింది 45 నిమిషాల పీరియడ్‌లో షడ్భుజి పాఠం పూర్తి కావడం.

ఈ సంగతి పట్టుబడ్డాక మా టీములో వాదన ఆగిపోయింది. అంతకుముందు మైకు ఎన్ని ఉండాలి, కెమెరా ఉండాలా, తల ఊపాలా అని గొడవపడేవాళ్ళం. ఇక ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఇది షడ్భుజి సరిగ్గా గీస్తుందా?

దానికంటే ముందు బల్ల. జపాన్ బడిలో ఎవరి బల్ల వాళ్ళకే. పాత కొలత 60 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు. 1999 తరువాతి ప్రమాణం 65, 45. పాతవి ఇంకా చాలా బడుల్లో ఉన్నాయి. ఆ కాస్త చోటులోనే పుస్తకం, నోట్‌బుక్, పెన్సిల్ బాక్సు, ఇప్పుడు టాబ్లెట్. అక్కడ ప్రభుత్వం పథకం పెట్టి 2021 నాటికి దాదాపు ప్రతి పిల్లాడికీ ఒక పరికరం ఇప్పించింది. అవన్నీ పోగా రోబోకి మిగిలింది ఎంత? మేము కంచరపాలెంలో ఒక కార్పెంటర్ గారితో రెండు కొలతల్లోనూ బల్లలు చేయించాం. చిన్న బల్ల చూసి ఆయన, "ఇదేం బల్లండీ, టీ కొట్టుకా?" అన్నారు. వాటిని మా ఆఫీసులో వేసి, పక్క వీధి పిల్లల్ని వాళ్ళ తల్లిదండ్రులతో సహా పిలిచి, టాబ్లెట్, పుస్తకం, పెన్సిల్ బాక్సు అన్నీ పెట్టి కూర్చోబెట్టాం. అన్న మోడల్‌ని ఆ బల్ల మీద పెడితే రెండు చుట్లు తిరక్కుండానే కింద పడింది. దాన్ని చేసింది వరండా కోసం. మన పిల్లలు బెంచీలు పక్కకు జరిపేసి నేల మీద కూర్చుంటారు, నేల ఎంతైనా దొరుకుతుంది. అక్కడ నేల ఖాళీగా ఉండదు, బల్లల వరుసలే.

ఏ3 కాగితం 42 సెంటీమీటర్లు, 29.7 సెంటీమీటర్లు. 60, 40 బల్ల మీద అడ్డంగా వేస్తే పక్కన 18 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. టాబ్లెట్‌ని నిలువుగా తిప్పినా ఆ పట్టీలో పట్టడం కష్టం, కొంత కాగితం మీదికి వస్తుంది. కాబట్టి రోబో తిరిగే చోటు కాగితమంతా కూడా కాదు. భుజం 6 సెంటీమీటర్లు ఉన్న షడ్భుజి మూల నుంచి మూలకు 12 సెంటీమీటర్లు వస్తుంది, అది హాయిగా పడుతుంది. రోబో సైజు, చక్రాల మధ్య దూరం, పెన్ను లావు, అన్నీ ఆ షడ్భుజి నుంచి వెనక్కి లెక్కగట్టినవే. సోనీ వాళ్ళు 2019లో తెచ్చిన టోయో రోబోలు ఒక్కొక్కటీ సుమారు మూడు సెంటీమీటర్లే ఉంటాయి. చూసినప్పుడు ముచ్చటేసింది. ఆ బల్లల ముందు కూర్చున్నాక అంత చిన్నగా ఎందుకు చేశారో నాకు తోచింది.

బల్ల అంచు దగ్గర ఆగడం ఇంకో పని. కిందికి చూసే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్, అంటే కంటికి కనిపించని వెలుతురు వేసి చూసేది, పెడతాం. వెలుతురు తిరిగి వస్తే బల్ల ఉన్నట్టు, రాకపోతే అంచు. మీలో లైన్ ఫాలోయర్, అదే గీతను పట్టుకుని వెళ్ళే రోబో, చేయనివాళ్ళు ఉండరు కాబట్టి చిక్కు ఎక్కడో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. నల్ల గీత కూడా వెలుతురును మింగేస్తుంది. రోబో తాను గీసిన గీత దాటాల్సి వచ్చినప్పుడల్లా అంచు అనుకుని ఆగిపోయేది. ఇందులో మళ్ళీ ఒక తమాషా ఉంది. కంటికి నల్లగా కనిపించే సిరాలన్నీ ఇన్‌ఫ్రారెడ్‌కి నల్లగా ఉండవు. కార్బన్ ఉన్న సిరా మింగుతుంది, రంగు ద్రావణంతో చేసిన కొన్ని సిరాల్ని ఆ వెలుతురు పట్టించుకోనే పట్టించుకోదు. పిల్లాడు ఏ పెన్ను తెస్తాడో మనకు తెలియదు. అందుకని గీత వెడల్పుకంటే ఎక్కువ దూరం వెలుతురు తిరిగి రాకపోతేనే అంచు అని తీర్మానించేలా రాశాం. అప్పుడు సెన్సర్‌ని చక్రాలకు బాగా ముందు పెట్టాలి, లేకపోతే తీర్మానం అయ్యేలోపు రోబో కింద ఉంటుంది.

ఇక మలుపు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, విద్యార్థులు వినండి.

రెండు చక్రాల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు అనుకోండి. రెండు చక్రాలూ ఎదురెదురు దిక్కుల్లో తిరిగితే రోబో ఉన్నచోటే తిరుగుతుంది. పూర్తి చుట్టు తిరగాలంటే ఒక్కో చక్రం ఆ 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం చుట్టూ వెళ్ళాలి. ఇప్పుడు ఆ దూరం 60 కాదు, నిజానికి 61 అయింది. పూర్తి చుట్టు మీద సుమారు 6 డిగ్రీలు తక్కువ తిరుగుతుంది. షడ్భుజికి ఆరు మలుపులు, ఒక్కో బాహ్యకోణం 60 డిగ్రీలు, మొత్తం 360. అంటే ప్రతి మలుపులో ఒక డిగ్రీ తగ్గినట్టు. ఒక డిగ్రీయే కదా అంటారు. 6 సెంటీమీటర్ల భుజాలతో గీసి చూడండి, చివరి గీత మొదలైన చోటికి రాదు, సుమారు 6 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది. పిల్లాడు 60 అని సరిగ్గానే రాశాడు, బొమ్మ మూసుకోలేదు. వాడు ఏమనుకుంటాడు? నా లెక్క తప్పు అనుకుంటాడు. 61, 62 అని మార్చుకుంటూ పోయి, చివరికి షడ్భుజి బాహ్యకోణం 61 డిగ్రీలు అని నేర్చుకుంటాడు. చదువు చెప్పడానికి చేసిన యంత్రం ఇంతకంటే ఘోరం చేయలేదు. పాట పాడకపోతే ఎవరికీ నష్టం లేదు.

ఒక మిల్లీమీటరు తేడా ఎక్కడి నుంచి వస్తుంది? టైరు నుంచి. వెడల్పాటి రబ్బరు టైరు వేస్తే, అది నేలను లోపలి అంచుతో తాకుతోందో బయటి అంచుతో తాకుతోందో చెప్పలేం. కాగితం కొంచెం వంగినా మారిపోతుంది. అందుకే చక్రానికి గాడి తీసి సన్నటి ఓ-రింగు ఎక్కించాం. నీళ్ళ మోటారు రిపేరు షాపులో దొరుకుతుందే, ఆ నల్లటి రింగే. అది ఒక సన్నటి గీత మీదే నేలను తాకుతుంది, చక్రాల మధ్య దూరం ఎప్పుడూ ఒకటే. చూడ్డానికి బీదగా ఉంటుంది. మా సేల్స్ వాళ్ళకి ఇప్పటికీ నచ్చదు.

తరువాత మోటారు. మీ అందరి ప్రాజెక్టుల్లో ఉండే పసుపు రంగు బీఓ మోటార్ ఇక్కడ పనికిరాదు. గేర్లలో వదులు ఎక్కువ, గోల ఇంకా ఎక్కువ. ఎన్20 అనే చిన్న మోటారుకి ఎన్‌కోడర్, అంటే ఎంత తిరిగిందో లెక్కపెట్టే ముక్క, తగిలించి వాడాం. దానిలోనూ వదులు ఉంటుంది, కాకపోతే తక్కువ, కొలవగలిగినంత. చక్రం దిశ మారిన ప్రతిసారీ ఆ వదులును ముందే లెక్కలో కలిపేస్తాం. స్టెప్పర్, అంటే కొలిచినట్టు అడుగడుగుగా తిరిగే మోటారు, ఎందుకు వాడలేదని తప్పకుండా అడుగుతారు. స్టెప్పర్ నిలబడి ఉన్నప్పుడు కూడా కరెంటు తాగుతుంది. పిల్లలు ఆలోచించేటప్పుడు రోబో నిలబడే ఉంటుంది, క్లాసులో ఎక్కువ సమయం ఆలోచనే కదా, ఆలోచనే కావాలి కూడా.

పెన్ను చిల్లు రెండు చక్రాల ఇరుసు మీద సరిగ్గా మధ్యలో ఉండాలి. కొంచెం ముందుకో వెనక్కో జరిగితే మలుపు దగ్గర మూల రాదు, చిన్న వంపు వస్తుంది. పెన్నును గట్టిగా బిగించకూడదు కూడా. బిగిస్తే అది కాగితాన్ని నొక్కి చక్రాల మీది బరువు తీసేస్తుంది, చక్రాలు జారతాయి. పెన్ను తన బరువు మీదే వదులుగా నిలబడాలి. కాగితానికి నాలుగు మూలలా టేపు వేయాలి, ఈ ఒక్కటీ పిల్లలు చేయాల్సిందే.

షడ్భుజి అయిపోయింది. ఇప్పుడు ఒకే గదిలో 35 షడ్భుజులు.

జపాన్‌లో 2021లో చట్టం మార్చి, ప్రాథమిక తరగతుల్లో 40 మంది పరిమితిని దశలవారీగా 35కి తెచ్చారు. 35 టాబ్లెట్లు, 35 రోబోలు, అన్నీ బ్లూటూత్. టాబ్లెట్ తెరవగానే జాబితాలో ఒకే పేరుతో 35 రోబోలు కనిపిస్తే? ఒక పిల్లాడు నొక్కితే మూడో వరుసలో అమ్మాయి రోబో కదులుతుంది. క్లాసంతా నవ్వులు, టీచరుకి టెన్షన్. దగ్గరగా పెడితే దానంతటదే కనెక్ట్ అయ్యేలా చేద్దామని సిగ్నల్ బలం చూశాం. ఇనుప కాళ్ళ బల్లలు, మనుషుల ఒళ్ళు సిగ్నల్‌ని ఇష్టం వచ్చినట్టు మార్చేస్తాయి. చివరికి గెలిచింది స్టిక్కర్. ప్రతి రోబో మీద పెద్ద అంకె, యాప్‌లో అదే అంకె. టెక్నాలజీ అంటే ఇష్టం ఉన్నవాళ్ళకు ఇది చప్పగా ఉంటుంది, టీచర్లకు మాత్రం బాగా నచ్చింది. ఎవరి రోబో ఎవరిదో పిలిచి చెప్పొచ్చు, సర్దేటప్పుడు లెక్కపెట్టొచ్చు. అదే కారణంతో శబ్దం పూర్తిగా తీసేశాం. ఒక రోబో కూస్తే ముద్దు, 35 కూస్తే పక్క క్లాసు టీచరు వస్తారు.

ఆ 45 నిమిషాల్లో పంచడం, కనెక్ట్ చేయడం, చివర సర్దడం తీసేస్తే పాఠానికి సగానికి కొంచెం ఎక్కువ మిగులుతుంది. అందుకని పెట్టె మీద కూడా చాలా పని చేశాం. ప్రతి ముక్కకూ దాని ఆకారంలోనే గాడి. ఏది లేకపోయినా ఖాళీ గాడి కనిపిస్తుంది. అక్కడ తరగతి గది ఊడ్చేది పిల్లలే, సర్దడం వాళ్ళకు అలవాటు, సర్దింది సరిపోయిందో లేదో పెట్టే చెప్పాలి.

యాప్ సంగతి త్వరగా చెబుతాను. బడి టాబ్లెట్‌లో పిల్లలు ఇష్టం వచ్చింది వేసుకోలేరు, ఆ ఊరి విద్యా బోర్డు అనుమతించాలి. కొన్ని ఊళ్ళలో క్రోమ్‌బుక్, కొన్ని చోట్ల ఐప్యాడ్, కొన్ని చోట్ల విండోస్. క్రోమ్ బ్రౌజర్ నుంచి నేరుగా బ్లూటూత్ పట్టుకోవచ్చు, ఐప్యాడ్ సఫారీలో కుదరదు, దానికి వేరే యాప్ చేయాలి. అక్షరాలు కూడా తరగతిని బట్టి మారాలి. వాళ్ళ పిల్లలు ఒకటో తరగతిలో 80 కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, నేర్చుకుంటారు, ఆరేళ్ళలో మొత్తం 1,026. మూడో తరగతి పిల్లాడికి ఐదో తరగతి కాంజీ చూపిస్తే చదవలేడు. కాబట్టి తరగతి ఎంచుకుంటే రాత మారుతుంది. ఆ పని మేము చేయలేదు, అక్కడి టీచర్లే కూర్చుని చేశారు. అలాంటివి ఇక్కడి నుంచి చేయబోకండి.

బ్యాటరీ దగ్గర మా టీము రెండుగా చీలిపోయింది. లిథియం అయితే చిన్నది, బలమైనది. కానీ లిథియం బ్యాటరీ ఉన్న సరుకు రవాణాలో ప్రమాదకర వస్తువుల్లో 9వ తరగతి కిందికి వస్తుంది, యూఎన్ 38.3 అనే పరీక్షలు పాసైన కాగితాలు కావాలి, విమానంలో పంపాలంటే ఇంకా నిబంధనలు. 35 రోబోలను ఒకేసారి ఛార్జ్ చేయడానికి తరగతిలో అన్ని ప్లగ్గులు ఎక్కడున్నాయి? మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకునే ఏఏ సెల్స్ వైపే మొగ్గాం. అవి జపాన్ ఇళ్ళలో, బడుల్లో మామూలుగా ఉండేవే. అరిగిపోయినప్పుడు మార్చుకోవడం ఏ టీచరుకైనా వచ్చు. ఇబ్బంది ఏమిటంటే ఈ సెల్ 1.2 వోల్టులు, మామూలు ఆల్కలైన్ సెల్ 1.5. రెండింటితోనూ ఒకేలా నడవాలి. ఎన్‌కోడర్ ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. వోల్టేజీ తగ్గితే మెల్లగా వెళ్తుందే తప్ప దారి తప్పదు. సెల్స్ మూతకు స్క్రూ తప్పనిసరి, పిల్లల చేతికి ఊరికే ఊడి రాకూడదు.

రేడియో అనుమతి గురించి ఒక్క మాట. బ్లూటూత్ ఉన్న వస్తువు జపాన్‌లో అమ్మాలంటే వాళ్ళ రేడియో చట్టం కింద ధ్రువీకరణ, గితెకి ముద్ర ఉండాలి. ముద్ర ముందే ఉన్న బ్లూటూత్ మాడ్యూల్ కొనుక్కుంటే సగం తలనొప్పి పోతుంది. అయితే దాని యాంటెనా మార్చి సొంతది పెట్టారంటే ఆ ధ్రువీకరణ మీకు వర్తించదు. ఖర్చు తగ్గిద్దామని విద్యార్థులు చేసే మొదటి పని అదే.

ఇక మైకు, కెమెరా ఎందుకు లేవంటే, వాటితో షడ్భుజికి పని లేదు. ఇదొక్కటే చాలు, కానీ ఇంకో కారణం ఉంది. 2017లో జర్మనీ ప్రభుత్వ సంస్థ, మాట్లాడే బొమ్మ ఒకటి, కేలా అని, దాని అమ్మకం నిషేధించింది. బొమ్మలో దాచిన మైకు ఉంది, బ్లూటూత్ ద్వారా బయటివాళ్ళు వినగలరు, కాబట్టి అది రహస్య నిఘా పరికరం అన్నారు. 2025లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పిల్లల రోబోలు చేసే ఒక కంపెనీ మీద చర్య తీసుకుంది. ఆ రోబో యాప్‌లో వాడిన బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్ ముక్క ఒకటి తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలు ఎక్కడున్నారో సేకరించిందని అభియోగం. రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అక్కడ బొమ్మలో దాచిన మైకు లేదు, యాప్‌లో తెచ్చి కలిపిన లైబ్రరీ, అంటే ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్ ముక్క, ఉంది. మనమందరం రోజూ చేసేదే అది. నోటిఫికేషన్ కోసం ఒకటి, క్రాష్ రిపోర్టు కోసం ఒకటి దించుకుని పెట్టేస్తాం, అది లోపల ఏం పంపుతోందో చదవం. మన దేశంలో కూడా 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. మా యాప్ పేరు అడగదు, ఇంటర్నెట్ అడగదు. అడగని వివరం ఎవరూ దొంగిలించలేరు.

పైన ఈ చెక్క పిడి చూశారా? ఇది ఏటికొప్పాకలో చేయించింది, అంకుడు కర్ర. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోబో మొత్తం అంకుడు కర్రతో చేయొచ్చు కదా, జపాన్‌లో ఎగబడి కొంటారు అని చాలామంది సలహా ఇచ్చారు. ఆశ నాకూ ఉంది. కానీ కర్ర తేమకు కదులుతుంది. మన బీచ్ గాలిలో ఒక కొలత, జపాన్ చలికాలపు పొడి గదిలో ఇంకో కొలత. ఇందాక ఒక మిల్లీమీటరు ఏం చేస్తుందో చూశాం. పిడి అయితే కదిలినా ఫరవాలేదు. రంగుల విషయంలో కూడా, పిల్లల బొమ్మ అంటే ఒక్కో రంగుకూ విడిగా రసాయన పరీక్ష ఉంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 71లో మూడో భాగం సీసం, కాడ్మియంతో కలిపి 19 మూలకాలకు హద్దులు పెట్టింది. అందుకని ఒకే ఒక్క రంగు, ఈ పసుపు, ఎంచుకున్నాం. ఆ బొమ్మల నుంచి నేను తీసుకున్నది నిజానికి కర్ర కాదు, గుండ్రదనం. లేత్ మీద తిప్పి చేసిన ఆ బొమ్మల్లో గుచ్చుకునే మూల అనేది కనిపించదు. ప్లాస్టిక్ డబ్బా కూడా అలాగే చేయమన్నాను.

నా భాగం అయిపోయింది. ప్రశ్నలు అడగండి.

(ఒక ప్రభుత్వ బడి ఉపాధ్యాయుడు: "మేడమ్, ఇంత బాగా గీసేది మన పిల్లలకి ఎందుకివ్వరు?")

మంచి ప్రశ్న మాస్టారూ. ఇది యథాతథంగా మీ క్లాసుకి సరిపోదు. బెంచీకి ముగ్గురో నలుగురో కూర్చుంటారు, బల్ల ఏటవాలుగా ఉంటుంది, ప్రతి పిల్లాడికీ టాబ్లెట్ ఉండదు. ముందు మీ బెంచీ కొలవాలి. ప్రస్తుతానికి ఓ-రింగు టైరు, ఎన్‌కోడర్ మాత్రం అన్న మోడల్‌లోకి తెస్తున్నాం. నేల మీదే గీస్తుంది, సుద్దముక్కతో. సుద్ద అరుగుతూ ఉంటే దాన్ని పట్టుకునే పిడి కిందికి దిగాలి, ఆ పని జరుగుతోంది. ధర కొంచెం పెరుగుతుంది, పాటలు తీసేస్తే తగ్గుతుంది. మీరు ఏది ఉంచమంటారో చెప్పండి.

(ఒక విద్యార్థి: "ఇప్పుడు అందరూ ఏఐ పెడుతున్నారు కదా, మీరు ఎందుకు పెట్టలేదు?")

పెట్టడం తేలికే తమ్ముడూ, ఒక మధ్యాహ్నం పని. 2025 నవంబరులో అమెరికాలో పర్గ్ అనే వినియోగదారుల సంస్థ ఏఐతో మాట్లాడే ఒక టెడ్డీబేర్‌ని పరీక్షించింది. పిల్లలతో మాట్లాడకూడని విషయాలన్నీ అది మాట్లాడింది, కొంతకాలం దాని అమ్మకం ఆపేయాల్సి వచ్చింది. అది ఏం మాట్లాడుతుందో తయారుచేసినవాళ్ళకే తెలియదు. నా రోబో 60 డిగ్రీలు తిరుగుతుందని నేను రాసి ఇవ్వగలను, అది ఏం మాట్లాడుతుందో రాసి ఇవ్వలేను. ఇంకోటి, షడ్భుజి కోణం ఎంత అని అడిగితే ఏఐ వెంటనే చెప్పేస్తుంది. మరి పిల్లాడు ఏం చేయాలి?

(ఇంకో విద్యార్థిని: "రేపు మీ కంపెనీ మూతపడితే ఆ బడుల సంగతేంటి మేడమ్?")

నేరుగా అడిగావమ్మా, బాగుంది. ఈ రంగంలో మూతపడటం మామూలే. జిబో అనే ఇంటి రోబో సర్వర్లు ఆగిపోతున్నాయని 2019లో ఆ రోబోయే తన యజమానులకు చెప్పి వీడ్కోలు తీసుకుంది. అదే ఏడాది అంకీ అనే కంపెనీ మూతపడింది. పిల్లల కోసం చేసిన మాక్సీ రోబో కంపెనీ 2024 డిసెంబరులో మూసేస్తున్నామంది, సర్వరు లేకపోతే అది మాట్లాడదు, తల్లిదండ్రులు పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక తలపట్టుకున్నారు. మా రోబోకి సర్వరే లేదు. రోబోకి పంపాల్సిన బ్లూటూత్ ఆదేశాలన్నీ మాన్యువల్ చివర్లో అచ్చువేశాం, యాప్ పోయినా ఇంకెవరైనా రాసుకోవచ్చు. పెట్టెలో విడి ఓ-రింగులు ఉంటాయి, దాని కొలత కూడా రాశాం, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. డబ్బా జిగురుతో అతికించలేదు, స్క్రూలే. ఇక్కడ స్టేజీ పక్కన రెండు పెట్టాను, స్క్రూడ్రైవరు కూడా ఉంది. విప్పి చూడండి. స్క్రూలు మాత్రం ఆ మూతలో వేయండి, కింద పడితే ఈ కార్పెట్‌లో దొరకవు.